పెంకునకు వెల వచ్చిన కథ

విజయవాడనుండి చెన్నపట్టణమునకు పోవు రైలుమార్గమున, చీరాల దాటిన కొలదిసేపటికి వచ్చు చిన్న స్టేషను వేటపాలెము. చదువరులకు ఆ పేరు వినగానే 1918లో వెలసిన సారస్వత నికేతనము స్ఫురించును. అచటి పాత పత్రికల సంపుటములను చూచుటకు పరిశోధకులు దూరప్రాంతములనుండి నేటికిని వచ్చుచున్నారు. బట్టల వర్తకులకు ఆ పేరుతో చేనేత మగ్గము గుర్తునకు వచ్చును. పండుగపూట పాయసము వండు ఇల్లాలికి మాత్రము వేటపాలెమనగా జీడిపప్పే. గుంటూరు జిల్లాలో నుండి, 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాకు, అనగా పిమ్మట ప్రకాశము జిల్లాయైన దానికి మారి, 2022నుండి బాపట్ల జిల్లాలో చేరినను, ఆ యూరి పప్పు మాత్రము తన పేరు మార్చుకొనలేదు.

నేను చెప్పబోవునది పప్పును గురించి కాదు. పప్పు తీసిన పిమ్మట మిగులు పెంకును గురించి. నూరు కిలోల జీడిపిక్కలను ఒలిచినచో చేతికి వచ్చు పప్పు ఇంచుమించు నాలుగవవంతు. పప్పుమీది ఎర్రనిపొట్టు రెండుమూడు కిలోలు. మిగిలినదంతయు పెంకే. అనగా ఈ పరిశ్రమలో సరకుకంటె చెత్తయే ఎక్కువ. వంద బస్తాల పిక్కలు కొన్న వ్యాపారి యింట డెబ్బదికి దగ్గరగా బస్తాల పెంకు పోగుపడును. అది పశువు తినదు. ఎరువుగా చేనిలో వేయుటకు పనికిరాదు. ముట్టుకొన్న చేతిని పొక్కించును. పొయ్యిలో పెట్టిన కన్ను తెరువనీయని పొగ చిమ్మును. ఇట్టి వస్తువునకు వెల యెట్లు వచ్చినది, ఆ వెల యెవరికి దక్కినది, అను విషయము మన వ్యవసాయ పరిశ్రమల చరిత్రలో ఆలోచింపదగిన ఘట్టము.

మొదట పేరు సంగతి చూతము. 'జీడి' యనునది తెలుగువారికి కొత్తమాట కాదు. మన అడవులలో పుట్టు నల్లజీడి, సంస్కృత వైద్యగ్రంథములు భల్లాతకియని చెప్పు చెట్టు కాయ. దాని రసము గుడ్డమీద పడినచో నల్లని మచ్చయగును. సున్నము తగిలినచో ఆ మచ్చ ఎన్ని ఉతుకులకును పోదు. కావుననే చాకలివారు ఏ బట్ట ఎవరిదో తెలియుటకు జీడిగుర్తులు పెట్టెడివారు. ఒక కుటుంబమునకు రెండు చుక్కలు, మరియొకరికి ఒక గీత. చదువురాని చాకలి ఊరందరి పద్దును బట్టల అంచులమీదనే వ్రాసికొనెడివాడు. అయితే ఆ రసము ఒంటికి తగిలినచో పొక్కును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇండియాకు వచ్చిన తెల్లసిపాయిలకు చొక్కా మెడపట్టీ తగులుచోట దద్దురులు లేచుటకు ఈ చాకలిగుర్తే కారణమని అప్పటి వైద్యులు కనిపెట్టిరి.

నేడు మనము జీడిపప్పు అనునది ఆ చెట్టుది కాదు. ఇది బ్రెజిల్ దేశమున పుట్టి, పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలలో మన పడమటి తీరమునకు వచ్చిన చెట్టు. 1578లో తన గ్రంథమును ప్రకటించిన క్రిస్టొవావు ద కోస్తా అను వైద్యుడు దీనిని కొచ్చిలోని తోటలలో చూచినట్లు వ్రాసెను. మలయాళులు దీనిని పరంగిమామిడియను అర్థము వచ్చునట్లు పిలిచిరి. మనవారు కొందరు ముంతమామిడి యనిరి. కాని తెలుగునాట నిలిచిన పేరు జీడిమామిడి. కాయ పెంకులోని రసము తమ పాత నల్లజీడి రసమువలెనే పొక్కించుట చూచి, మనవారు ఈ పరదేశపు చెట్టును ఆ యింటిపేరుతోనే పిలిచిరి. ఇందులో ఒక వింత యున్నది. యూరపులోని మందుల కొట్లవారు మన నల్లజీడిగింజను అనకార్డియమ్ అనెడివారు. 1753లో లిన్నేయసు శాస్త్రజ్ఞుడు ఆ పేరునే బ్రెజిల్ చెట్టునకు పెట్టెను. నల్లజీడికి తరువాత గుర్తులు పెట్టు కాయయను అర్థముగల గ్రీకు పేరు వచ్చినది. స్వీడను దేశపు వృక్షశాస్త్రవేత్తయు, ఆంధ్రదేశపు రైతును, ఒకరినొకరు ఎరుగకయే ఒకే పని చేసిరి. ఇద్దరును అల్లునికి మామ పేరు పెట్టిరి. పేరు పెట్టుటలో మన పల్లెటూరివాడు తప్పలేదు. రెండును ఒకే కుటుంబపు చెట్లనియు, రెంటి రసములోని కారపు పదార్థములు ఒకే జాతివనియు తరువాతి రసాయనశాస్త్రము తేల్చినది.

పెంకు చరిత్రలోనికి పోవుటకు ముందు, ఇదే సీమలో దానికంటె పాతదైన మరియొక చెత్త సంగతి చెప్పవలెను. పొలములో మిగిలిన దానిని సరకుగా మార్చుట మనకు నిన్న మొన్న నేర్పిన విద్య కాదు. వేటపాలెమునకు కూతవేటు దూరమున నున్న చీరాలలో నేయు తేలియా రుమాళ్ళు అందులకు సాక్ష్యము.

ఆముదపుకాయలు ఎండి పగిలినపుడు గింజ గానుగకు పోవును. మిగిలిన కాయతొక్క దేనికిని కొరగాదు. చీరాల అద్దకపువారు ఆ తొక్కను కాల్చి బూడిద చేసెడివారు. ఆ బూడిదను నీట కలిపి, తేర్చి, పైని తేటను తీసికొందురు. అది ఘాటైన క్షారజలము. అందు నువ్వులనూనెగాని ఆముదముగాని కలిపినచో పాలవలె తెల్లగా విరియును. నూలును ఆ పాలలో నానబెట్టి, చేతులతోను కాళ్ళతోను పిసికి, ఎండలో ఆరవేసి, మరల నానబెట్టుదురు. ఇట్లు ఒకటి రెండు దినములు కాదు, వారములు గడచును. అప్పటికి నూనె నూలుపోగు లోనికంట చొచ్చి, పిమ్మట పటికతోను ఎర్రరంగుతోను కలిసి విడదీయరాని బంధము ఏర్పడును. రంగువేయని నూలునే కట్టలుగా కట్టి, కావలసినచోట్ల ముడివేసి, ఎరుపు నలుపులను అద్ది, మగ్గమెక్కించినపుడు గళ్ళలో చుక్కలును, పువ్వులును, గడియారములును కూడ తేలెడివి. ఆ నూనె వాసన గుడ్డను ఎన్నటికిని వదలదు. తేలియా యను పేరు రావడమునకు ఆ తేలము, అనగా నూనెయే కారణము. అరబ్బుదేశములలోను, ఏడెన్ మొదలగు రేవులలోను, ఎండకును ఉప్పుగాలికిని తలకు చుట్టుకొనుటకు దీనిని మించిన గుడ్డ లేదని అచటివారు తెప్పించుకొనెడివారు.

ఈ పద్ధతి మూలసూత్రమునే యూరపువారు పదునెనిమిదవ శతాబ్దిలో ఎంతో శ్రమపడి తూర్పుదేశముల అద్దకపువారి వద్దనుండి నేర్చికొని టర్కీ ఎరుపు అని పేరుపెట్టిరి. మనవారు ఎరుపునకు మొదట వాడినది తీరపు ఇసుకనేలలలో త్రవ్వితీయు చిరివేరు. దానికి పోటీ వచ్చినది మరియొక చెత్తనుండి. ఇంగ్లండులో బొగ్గును కాల్చి దీపములకు గాలివాయువును తీయునపుడు మిగులు నల్లని తారు చాలకాలము ఎవరికిని అక్కరలేని పదార్థము. 1856లో పదునెనిమిదేండ్ల విలియమ్ పెర్కిన్ ఆ తారునుండి ఊదారంగును రాబట్టెను. 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను రసాయనవేత్తలు చిరివేరు జాతి వేళ్ళలోని ఎర్రరంగునే, అలిజరిన్ అను దానిని, తారులోని పదార్థమునుండి తయారుచేసిరి. కొలదికాలములోనే ఆ జర్మను రంగు డబ్బాలలో మన తీరమునకు దిగినది. చిరివేరు త్రవ్వువారి బ్రతుకు తెల్లవారినది. చీరాల అద్దకపువాడు రంగు మార్చెనుగాని ఆముదపుతొక్క బూడిదను మార్చలేదు. ఐరోపా కర్మాగారపు చెత్తయు, ఆంధ్ర పొలపు చెత్తయు ఒకే రుమాలులో కలిసి ఏడెన్ రేవునకు ఎగుమతి యయ్యెను. మన పరిశ్రమల చరిత్ర వ్రాయువారు ఈ రుమాలును ఒక అధ్యాయముగా ఎంచక, వేడుకవస్తువుగా మాత్రమే చూచుట నాకు కొరతగా తోచును.

ఆ వ్యాపారము అన్నితరములు నిలుచుటకు కారణము వెదకిన, అది పెద్ద పెట్టుబడి కాదు. తొక్క దొరకు చోటికిని అద్దకపు తొట్టికిని మధ్య దూరము స్వల్పము. కాల్చినపుడు గంపెడు తొక్క పిడికెడు బూడిదయగును కావున మోతఖర్చు లేదు. కొనువాడు వస్తువు గుణము నెరిగినవాడు. నాలుక చివర తగిలించి క్షారపు పట్టును చెప్పగలవాడు. ఎగుమతి క్షీణించి, రుమాలు కట్టువారు తగ్గిన పిమ్మట చీరాలలో ఆ పని సన్నగిల్లినది. నల్లగొండ ప్రాంతపు పుట్టపాక నేతవారు దానిని నిలుపుకొనిరి. ఆ యూరి గజము గోవర్ధన్ గారికి 2011లో పద్మశ్రీ లభించినది. 2020లో పుట్టపాక తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. పుట్టిన యూరి పేరుతో కాక పెరిగిన యూరి పేరుతో గుర్తింపు పొందుట బిడ్డలకే కాదు, బట్టలకును కలుగుచున్నది.

గుంటూరు మైదానపు ఇతర మిగులుల సంగతి త్వరగా చెప్పి ముందునకు పోవుదును. ప్రత్తిగింజ ఒకప్పుడు గేదె తొట్టికే పోయెడిది. అందులోని గాసిపాల్ అను పసుపుపచ్చని విషపదార్థమును తీసివేయు విద్య తెలిసిన తరువాతనే ఆ నూనె వంటకు వచ్చినది. పొగాకుగింజలో నూటికి ముప్పదియైదు పాళ్ళకు తక్కువకాని నూనె యున్నది. ఆకులోని నికోటిను గింజలో లేదు. రంగులకును సబ్బులకును పనికివచ్చు ఆ నూనెను గూర్చి 1947లో స్థాపించిన రాజమహేంద్రవరపు కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ శ్రద్ధగా పరిశోధించినది. పొగాకు రద్దుతో పురుగుమందునకై నికోటిను సల్ఫేటు తయారుచేయుటయు ఈ ప్రాంతమున జరిగినది. ప్రత్తికంప, మిరపకంప మాత్రము నేటికిని ఎక్కువగా పొయ్యిలోనికో, చేలోనే నిప్పునకో పోవుచున్నవి. వీటిలో ప్రతిదానికి తన కథ యున్నది. కాని పెంకు కథలో కనిపించునంత ఎత్తుపల్లములు వానిలో లేవు.

జీడిపరిశ్రమ పెద్దయెత్తున మొదలైనది కొల్లము, మంగుళూరు ప్రాంతములలో, 1920 ప్రాంతమున. అమెరికావారికి పప్పు రుచి తెలిసిన కొలది అచట వేలాది స్త్రీలు పనికి కుదిరిరి. మన తీరమున వేటపాలెము, గోదావరి జిల్లాలోని మోరి, శ్రీకాకుళపు పలాస ఆ పనికి పేరుపొందినవి. వేటపాలెమునకు అనుకూలము ఇసుకనేల. సముద్రపుగాలికి కదలు దిబ్బలను నిలుపుటకు సరుగుడుతోపాటు జీడిమామిడిని నాటుట తీరమంతట నున్న ఆచారము. వేరే పైరు పండని నేలలో ఈ చెట్టు పండును. బాపట్లలోని జీడిమామిడి పరిశోధన కేంద్రము తయారుచేసిన రకములకు బి.పి.పి. అను అక్షరములు ముందుండుటకు కారణము ఆ బాపట్ల పేరే.

పాతపద్ధతిలో పిక్కలను బెజ్జముల పెనములమీదను, తరువాత ఎర్రగా కాగిన డ్రమ్ములలోను వేయించెడివారు. పెంకు పెళుసెక్కి, కొట్టినచో పగులుటకై ఆ కాల్పు. పెంకు గోడ తేనెపట్టువలె గదులు గదులుగా నుండును. ప్రతి గదిలోను చిక్కని ఎర్రగోధుమరంగు రసము నిండియుండును. పెంకు బరువులో ఐదవవంతునుండి నాలుగవవంతువరకు ఆ రసమే. వేయించునపుడు అది కారి, నిప్పంటుకొని, నల్లని పొగయై గాలిలో కలిసిపోయెడిది. ఆ వీధిలో ఉతికిన బట్ట ఆరవేయలేరు. వేయించిన పిక్కను రాతిమీద పెట్టి చిన్నకర్రతో కొట్టి పప్పు తీయు స్త్రీల వేళ్ళు నల్లబడి, తోలు ఊడి, ముద్ద పట్టుకొనుటకు కూడ బాధపడెడివారు. వారు చేతులకు ఆముదము రాచికొని, పైన బూడిద అద్దుకొనెడివారు. నూనెయు బూడిదయు కలిపి చీరాలలో నూలునకు రంగుపట్టించిరి. ఇచట అవియే రసము చేతికి పట్టకుండ కాపాడవలసివచ్చెను. పప్పు గుండుగా వచ్చినచో ఎక్కువవెల, బద్దయైనచో తక్కువ, నూకయైనచో మరింత తక్కువ. కూలి కిలోల లెక్కన. కావున పనిమనిషి చేతికి కట్టుకట్టుకొని నిదానముగా చేయుటకు వీలులేదు.

అందరును కాల్చి పారవేసిన ఆ రసమునకు వెల కట్టిన పని అట్లాంటికు మహాసముద్రమున కావలి యొడ్డున జరిగినది. 1907లో బేక్లండు అను రసాయనవేత్త ఫీనాలును, ఫార్మాల్డిహైడును కలిపి గట్టిపడు బేకలైటును కనిపెట్టియుండెను. జీడిరసములో నున్నది కూడ ఫీనాలు జాతి పదార్థమే. పచ్చిరసములో ఎక్కువభాగము అనకార్డిక ఆమ్లము. దానిని కాచినచో బొగ్గుపులుసు వాయువు విడిపోయి కార్డనాల్ మిగులును. ఈ కార్డనాల్ మామూలు ఫీనాలువంటిదే గాని, దానికి పదునైదు కర్బనపు అణువుల పొడుగాటి తోక యున్నది. ఆ తోకయే దానికి మెత్తదనమును, నీటిని చేరనీయని గుణమును ఇచ్చును. మామూలు బేకలైటు గట్టిది గాని పెళుసు. జీడిరసముతో చేసినది వంగును, ఒరపిడికి ఓర్చును. అమెరికాలో మార్టిమర్ హార్వీ అను రసాయనవేత్త 1920ల నుండి దీనిపై కృషిచేసి అనేకములైన పేటెంటులు పొందెను. న్యూజెర్సీ రాష్ట్రములోని ఇర్వింగ్టన్ వార్నిషు కంపెనీ ఆ పనికి నెలవైనది. విద్యుత్తీగలకు వార్నిషు, ఆమ్లములకు తాళు పూతలు మొదలగునవి తయారయ్యెను. కాని దీనికి శాశ్వతమైన గిరాకి తెచ్చినది మోటారుబండి. బ్రేకు వేసినపుడు చక్రమునకును అచ్చునకును మధ్య పుట్టు వేడికి జీడిరసపు బంక పొడి నిదానముగా, కీచుమనకుండ, జారకుండ పనిచేయును. యుద్ధకాలములో అమెరికా ప్రభుత్వము ఈ నూనెను యథేచ్ఛగా అమ్ముటకు వీలులేని నియంత్రిత పదార్థముగా ప్రకటించెను. కొల్లములో పొగగా పోయిన రసమునకు అట్టి గౌరవము కలిగినది.

దీని ఫలము మనదేశమున వెంటనే కనబడినది, కాని అంతట కాదు. 1930లలో మంగుళూరు, కొల్లపు పెద్ద కర్మాగారములలో వేడినూనె తొట్టి పద్ధతి వచ్చినది. కాచిన జీడినూనెలోనే పిక్కలను ముంచి వేయించినచో, పెంకులోని రసములో సగమునకు దగ్గరగా ఆ తొట్టిలోనికే దిగును. చెత్తను తీయు పనిముట్టు ఆ చెత్తనూనెయే. ఈ యుపాయము నన్ను ఎప్పుడును ఆశ్చర్యపరచును. 1955లో కొచ్చిలో జీడిపప్పు ఎగుమతి ప్రోత్సాహక మండలి ఏర్పడినది. పప్పుతోపాటు నూనెయు దాని పట్టికలో చేరినది. భారతీయ ప్రమాణముల సంస్థ ఈ నూనెకు 840 అను సంఖ్యతో ప్రమాణమును నిర్ణయించినది. వెలకట్టుటకు ఇది ముఖ్యము. ఇంత తేమ, ఇంత చిక్కదనము, ఇంత బూడిద యని వ్రాతపూర్వకముగా లేనంతవరకు చెత్త చెత్తయే; అది సరకు కాదు.

వేటపాలెమువంటి చోట్ల మాత్రము పెట్టుబడి తక్కువ. ఇంటిముంగిట పిక్కలు ఎండబోసికొని, ఇంటిల్లిపాది పనిచేయు చిన్నవ్యాపారికి నూనెతొట్టి తూగదు. కావున డ్రమ్ము కాల్పు చాలకాలము సాగినది. పొగతోపాటు డబ్బును గాలికి వదలుచున్నామని తెలిసినను, ఇంటింట అంత చిన్న మొత్తమును కూడగట్టువాడు లేకపోయెను. మార్పు తెచ్చినది ఆవిరి. పిక్కలను వేయించుటకు బదులు ఆవిరిలో ఉడికించి, ఒక దినము ఆరనిచ్చి, చేతితోను కాలితోను నడుపు కత్తిరింపు యంత్రముపై రెండుగా చీల్చు పద్ధతి వ్యాపించినది. పప్పు తెల్లగా, గుండుగా ఎక్కువ వచ్చునని దానిని చేపట్టిరి. పెంకును తలచి కాదు. కాని ఆవిరిలో ఉడికిన పెంకులో రసము కారిపోదు, కాలిపోదు. అంతయు లోపలనే యుండును. దానితో పెంకు మొదటిసారి కొనదగిన వస్తువైనది. లారీవారు బస్తాలను ఎత్తుకొనిపోవుటయు, ఎక్స్‌పెల్లరు మరలలో దానిని పిండుటయు మొదలైనవి. చరిత్రలో ఇట్టివి తరచు జరుగును. ఒక పనికై చేసిన మార్పు మరియొక పనికి తలుపు తీయును.

మన మరలలో పిండు పెంకంతయు మన చెట్లదే యనుకొనరాదు. తూర్పు ఆఫ్రికానుండి పిక్కలు తెప్పించుట మన వ్యాపారులకు స్వాతంత్ర్యమునకు పూర్వమే అలవాటు. నేడు పడమటి ఆఫ్రికానుండియు వచ్చుచున్నవి. ఓడలో వచ్చు ఆ బరువులో మూడింట రెండువంతులు పెంకే. పప్పులో కొంత మరల విదేశమునకు పోవును. పెంకు మన దగ్గర నుండిపోవును. పొగ, కుప్ప, చేతి పొక్కులు మన వంతు. దాని నూనె కూడ మన వంతు కావలెనన్నచో మర నిలువవలెను.

మర నిలుచుట ఎట్లు? ఇందులో కష్టము ఊహింపదగినదే. పెంకు తేలిక, స్థలము ఎక్కువ ఆక్రమించును. దూరమునుండి తెచ్చినచో లారీ కిరాయి లాభమును మ్రింగును. పిక్కలకాలము కొన్ని నెలలే. మర ఏడాది పొడవున తిరుగవలెను. అన్నిటికంటె చిక్కు వెలలో నున్నది. జీడినూనె ధర పెట్రోలియమునుండి వచ్చు ఫీనాలు ధరతో పోటీపడవలెను. అది వేటపాలెములోనో కొల్లములోనో నిర్ణయమగునది కాదు. చెత్త ఉచితముగా దొరకునని లెక్కవేసి పెట్టిన పరిశ్రమకు మొదటి దెబ్బ ఆ చెత్తకు వెల వచ్చిన దినముననే తగులును. మన రాష్ట్రములో 1990ల చివరనుండి ఊకతోను, కంపతోను విద్యుత్తు తీయు కేంద్రములు పలు వెలసినవి. అంతవరకు ఇటుకబట్టీలవారు అడిగి తెచ్చుకొన్న ఊకకు పోటీవలన వెల పెరిగినది. విద్యుత్తునకు ఇచ్చు ధర అంతగా పెరుగలేదు. పలు కేంద్రములు మూతపడినవి. ఊకను పొయ్యిలో వాడుకొన్న పేదయింటికి కూడ అది కొనవలసిన వస్తువైనది. చెత్తయని మనము పిలుచు ప్రతిదానిని అప్పటికే ఎవరో ఒకరు వాడుకొనుచుందురు. వారికి నోరు లేదు గావున లెక్కలో కనిపింపరు.

పెంకు మరకు ఈ గండమునుండి కొంత రక్షణ కలదు. నూనె పిండిన పిండికి వంటచెరకును మించిన వేడి యున్నది. దానిని అమ్మవచ్చును, లేదా పిక్కలను ఉడికించు ఆవిరి బాయిలరుకే వేయవచ్చును. పిండిన పెంకు పొగ పచ్చిపెంకు పొగకంటె తక్కువ. నూనెను డబ్బాలలో అట్లే అమ్మక, కార్డనాలుగా శుద్ధిచేసి అమ్మినచో వెల హెచ్చు. ఓడల అడుగునకు వేయు ఎపాక్సి రంగులను గట్టిపరచుటకు కార్డనాలునుండి చేసిన పదార్థములు వాడుకలోనికి వచ్చినవి. చలిలోను, తడిలోను అవి పట్టుకొనును. బ్రెజిల్‌నుండి ఓడలో వచ్చిన చెట్టు రసము తిరిగి ఓడలకే రక్షయైనది. పప్పుమీది ఎర్రపొట్టులో తోళ్ళను పదునుచేయుటకు వలయు టానిను కలదు. అది కూడ బస్తాలకెక్కినది.

ఐతే నూనె వెల పెరిగినంత మాత్రమున పెంకు చీల్చు స్త్రీ చేతికి కలిగిన మేలు స్వల్పము. ఆవిరిపద్ధతి వచ్చిన తరువాత పొగ తగ్గిన మాట నిజము. కాని రసము కాలిపోక పచ్చిగా నున్నందున యంత్రము దగ్గర కూర్చుండువారి వేళ్ళకు అది మరింత తగులును. తొడుగులు వేసికొన్నచో పని నెమ్మదించును, కూలి తగ్గును. ఆముదము, బూడిద, సున్నము నేటికిని వారి ప్రక్కన చిన్న చిప్పలో నుండును. కిలో పప్పునకు కూలి నిర్ణయించునపుడు పెంకు అమ్మకపు ఆదాయమును లెక్కలోనికి తెచ్చిన యజమాని అరుదు. పెంకు దొడ్డిలో కుప్పయై యున్న దినములలో అది ఎవరిదియు కాదు. వెల వచ్చిన మరుదినమునుండి దానికి యజమాని యేర్పడెను. పప్పునకే కాక పెంకునకును పనివారి చేతుల వలననే విలువ వచ్చినదని ఒప్పుకొనువరకు ఈ వ్యాపారమును నిలుకడగలదని పిలుచుటకు నాకు మనసొప్పదు. ఆటోమేటిక్ కత్తిరింపు యంత్రములు ఇప్పుడు వచ్చుచున్నవి. అవి చేతులను కాపాడును. ఆ చేతులకు వేరు పని యెచటనో మాత్రము చెప్పవు.

ఇక మిగిలినది పండు. జీడిపిక్క వ్రేలాడు ఆ ఎర్రని, పసుపుపచ్చని పండు నిజమునకు కాయ తొడిమ ఉబ్బినదే. పిక్కకంటె ఎనిమిది పదిరెట్లు బరువు. నారింజలోకంటె ఎన్నోరెట్లు ఎక్కువగా సి విటమిను దానిలో నున్నది. గోవాలో దాని రసమును పులియబెట్టి ఫెనీ అను సారాయిని దించుదురు. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన తీరమున అట్టి వాడుక లేదు. గొంతు పట్టు ఆ వగరును తీసివేసి షర్బతులు, జాములు చేయు పద్ధతులను పరిశోధన కేంద్రములవారు చెప్పియున్నారు. కాని పండు కోసిన దినమున తప్ప మరునాటికి నిలువదు. ఇసుకదిబ్బల తోటలకు శీతలగిడ్డంగి లేదు. ప్రతి ఏడును మార్చినుండి మేవరకు కూలివారు తెల్లవారుజామున తోటలో ప్రవేశించి, రాలిన పండును చేతబట్టి, పిక్కను మెలిపెట్టి బుట్టలో వేసికొని, పండును చెట్టుక్రిందనే పారవేయుదురు. ఎండ ఎక్కు వేళకు పశువులు వచ్చి తినగలిగినంత తినును. మిగిలినది ఇసుకలో పులిసిపోవును.